తలంబ్రాల కంచె

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఊటలగుంపులో ఆ పని పోతయ్య చూసుకుంటాడు. నాలుగో కాలు చూపించబోయినవాణ్ని ఆయన ఏదో ఒక ఎదురు ప్రశ్న అడుగుతాడు. వాడు జవాబు వెతుక్కునేలోపు తీర్పు చెప్పేసి చుట్ట ముట్టించుకుంటాడు. తీర్పులు చెప్పడం ఆయన హక్కు కూడా, ఎందుకంటే ఊరి పటేల్ ఆయనే. ఎవరి మేకలు ఎవరి చేలో పడ్డా, ఎవరు తాగి ఎవరిని తిట్టినా, పంచాయితీ ఆయన ఇంటి పందిరి కిందే. తప్పు చేసినవాడు కోడిని తెచ్చి అందరి ముందూ ఒప్పుకోవాలి. చేసి దాచిపెట్టినవాడికి రెండు తప్పులు, అంటే రెండు జరిమానాలు. ఈ రెండో మాట పెద్దల నాటిది కాదు, పోతయ్య సొంతంగా చేర్చింది. దాని మీద ఆయనకు చాలా గర్వం.

ఆయన కుందేళ్లలో బాగా బలిసినవి రెండు ఉన్నాయి. ఒకటి, "పశువుకు తెలుసు". ఏది తినాలో, ఏది తినకూడదో, ఎప్పుడు ఇల్లు చేరాలో పశువుకు మనిషి చెప్పక్కర్లేదని దాని అర్థం. ఊటలగుంపులో పొద్దున్నే పశువుల్ని అడవిలోకి తోలేస్తారు, సాయంత్రం అవే వచ్చేస్తాయి. గడ్డి కోసి నోటికందించడం అక్కడ ఎవరూ ఎరగరు. రెండోది, "పాలు దూడయి". తాతల నాటి నుంచీ ఆ ఊళ్లో ఆవును పిండరు. టీ తాగినా నల్లగానే తాగుతారు.

ఇలాంటి ఇంటికి శారద కోడలై వచ్చింది. పోతయ్య కొడుకు రాజేష్ కొత్తగూడెంలో బొగ్గు లారీ నడుపుతాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. శారదది దమ్మపేట వైపు. వాళ్లూ కోయలే, కానీ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. అందుకని కోడలు వచ్చాక పోతయ్య ఇంట్లో కూడా తెలుగే నడుస్తోంది. కోయభాష పోతయ్యకు కోపం వచ్చినప్పుడు మాత్రమే బయటికొస్తుంది, అంటే రోజూ వస్తుందన్నమాట. శారద భద్రాచలం దగ్గర ఆడపిల్లల గురుకులంలో కెమిస్ట్రీ టీచర్. మనిషి నెమ్మది. అయితే అనుకున్నది చేసే రకం. పోయిన ఏడాది పుట్టింటి నుంచి ఒక సంకర జాతి ఆవును తెచ్చి దొడ్లో కట్టేసింది. ఒళ్లంతా తెలుపూ నలుపూ మచ్చలతో, సిరా ఒలికిన చొక్కాలా ఉండేది అది. దానికి శారద గౌరి అని పేరు పెట్టింది.

పోతయ్య పెట్టిన పేరు దొరసాని.

"దొరసానికి తానం అయిందా? దొరసానికి గడ్డి సన్నంగ కోసిండ్రా? ముక్కలు పెద్దగుంటే నోరు నొస్తది పాపం!" అని అరుగు మీద నుంచి రోజూ విచారించేవాడు. దాని పాలతో కాచిన టీ ముట్టేవాడు కాదు. కానీ ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు దాని గంగడోలు గోకేవాడు. అది కళ్లు మూసుకుని మెడ చాపేది. ఇదంతా వంటింటి కిటికీలోంచి ముత్తక్క చూస్తూనే ఉండేది. ఆమె పోతయ్య భార్య. నలభై ఏళ్లుగా ఆయన కుందేళ్ల కాళ్లు లెక్కపెడుతున్న మనిషి. చూసినవన్నీ వెంటనే అనేస్తే తర్వాత అనడానికి ఏం మిగులుతుందని దాచుకునేది.

ఇక కంచె సంగతి. పోతయ్య మిరపచేను చుట్టూ, ఇంటి వెనక వాలు పొడుగునా, తలంబ్రాల చెట్టు కంచె. పేరుకు చెట్టే గానీ గుబురు పొద. ముళ్లు, గరుకు ఆకులు, నలిపితే ఘాటైన వాసన. పూలు మాత్రం ముద్దుగా ఉంటాయి. ఒకే గుత్తిలో మధ్యన పసుపు, అంచున ఎరుపు. పెళ్లికి ముందు ముత్తక్క కోసం పోతయ్య అడవి బంగళా ముందు నుంచి విరుచుకొచ్చిన కొమ్మ అది. పూలు ఆమె కొప్పులోకి వెళ్లాయి, కొమ్మను గడప పక్కన గుచ్చాడు. అది బతికింది. ఆ తర్వాత ఆయన గుచ్చాల్సిన పనే లేకపోయింది. దాని నల్లటి పండ్లు పిట్టలు తిన్నాయి, పోయినచోటల్లా గింజలు వేశాయి.

"నీళ్లడగది, ఎరువడగది, మేక మూతి పెట్టది. గిట్లాంటి కంచె కొత్తగూడెం కలెక్టరుకు కూడ లేదు," అనేవాడు పోతయ్య.

"కోడలికి కూడ గట్లనే ఉండుమని చెప్పు," అనేది ముత్తక్క.

ఏప్రిల్ వచ్చింది. దొడ్లో గౌరికి నెలన్నర దూడ ఉంది. శారదకు పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. పొద్దున్నే మొదటి బస్సుకు కొత్తగూడెం వెళ్లి, సాయంత్రం బస్సుకు తిరిగి రావాలి.

"మామా, గడ్డి కోసి పెట్టిన. గౌరిని మాత్రం విప్పకు. అడవి దానికి కొత్త," అని చెప్పి వెళ్లింది.

పోతయ్య తల ఊపాడు. తల ఊపడమంటే ఒప్పుకోవడం కాదని శారదకు అప్పటికింకా తెలియదు.

ఊరి పశువులు గంటలు మోగించుకుంటూ దొడ్డి ముందు నుంచి వెళ్లాయి. గౌరి పలుపు బిగిసేదాకా ముందుకు జరిగి, వాటిని చూస్తూ నిలబడిపోయింది. పోతయ్యకు మనసు చివుక్కుమంది. "జైల్ల పెట్టినట్టు పెట్టింది గదా పాపం," అనుకున్నాడు. ఇప్పపూల కాలం, ముత్తక్క రోజూ పొద్దున అడవికి పోతే మునిమాపుకు గానీ రాదు. ఇటూ అటూ చూసి, పలుపు విప్పాడు.

అక్కడిదాకా బాగానే ఉంది. అయితే ఏప్రిల్లో అడవిలో గడ్డి ఎక్కడుంది? ఊరి పశువులు అలవాటైన దారిన, దూరంగా వాగు పక్కకు వెళ్లిపోయాయి. బరువైన ఒళ్లుతో గౌరి వాలు దిగేసరికే రొప్పింది. చుట్టూ ఎండిన నేల. పచ్చగా ఉన్నది ఒక్క తలంబ్రాల కంచే. గౌరి మెడ చాచి ఆ ఆకుల్లో మూతి పెట్టింది.

వెనకే వచ్చిన పోతయ్య ఉలిక్కిపడ్డాడు. ఊళ్లో ఏ ఆవూ ఆ చెట్టును ముట్టగా ఆయన చూడలేదు. పలుపు అందుకోబోయాడు, అందుకోలేదు. అందుకుంటే పశువుకు తెలియదని ఒప్పుకున్నట్టే కదా! "తింటుందంటే తినేదేనేమో. పశువుకు తెలుసు," అని చుట్ట ముట్టించాడు. గౌరి కడుపు నిండా మేసింది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. సాయంత్రం బస్సు హారన్ వినబడకముందే దాన్ని తెచ్చి కట్టేసి, మూతి తడిగుడ్డతో తుడిచేవాడు. శారద వచ్చి చూసి, "ఇయ్యాల గడ్డి అంతా మిగిలిందేంది?" అంటే, "దొరసాని గదా, ఉపాసముందేమో," అనేవాడు.

ఆ తర్వాత గౌరి నిజంగానే ఉపవాసం పట్టింది. మేత ముట్టలేదు, పేడ వేయలేదు. కళ్లు పచ్చబడ్డాయి. ఎండ పొడ తగిలితే చాలు తల విదిలించి నీడకు జరిగేది. ఒంటి మీద తెల్ల మచ్చలున్నచోట తోలు ఎర్రగా కమిలి, ఉబ్బి, పగుళ్లు వేసింది. నల్ల మచ్చలు మాత్రం నున్నగా ఉన్నాయి. అన్నిటికన్నా కష్టం, పొదుగు ఎండిపోయింది. ఇంకా గడ్డి పట్టని దూడ రాట చుట్టూ తిరుగుతూ అరవడం మొదలుపెట్టింది.

పశువుల డాక్టరు వనజ స్కూటీ మీద వచ్చింది. కనురెప్పలు లాగి చూసింది. "పచ్చకామెర్లు లాగుంది. ఈ కాలంల పిడుదులు కుట్టి వచ్చే జ్వరం గూడ ఎక్కువ," అంటూ రక్తం తీసుకుని సూది వేసింది. "బయట ఏమన్నా ఆకు తిన్నదా? అడవికి పోయిందా?" అని అడిగింది.

"లేదు డాక్టర్, కట్టు విప్పనే లేదు. మా మామ పొద్దంతా ఇంటికాడనే ఉంటడు, అడుగుండ్రి," అంది శారద, ఎంతో నమ్మకంగా.

డాక్టరమ్మ పోతయ్య వైపు చూసింది. దొంగకు తేలు కుట్టినట్టు ఆయన కిక్కురుమనలేదు. నోరు విప్పితే ఆవు సంగతి ఏమో గానీ కుందేలుకు నాలుగో కాలు మొలుస్తుంది. ఊరంతటికీ తీర్పులు చెప్పే నోటితో, కోడలి ముందు, "నేనే విప్పిన" అనడమా? సూది వేశారు కదా, తగ్గిపోతుందిలే అనుకున్నాడు.

తగ్గలేదు. దూడ అరుపు ఆగలేదు. అది అరిచినప్పుడల్లా "పాలు దూడయి" అన్న తన మాటే తనను తిట్టినట్టు ఉండేది పోతయ్యకు. శారద రోజూ పిండినప్పుడు కూడా దూడకు సగం వదిలేది. తాను మొత్తం ఎండగొట్టాడు. భుజాన తువ్వాలు వేసుకుని బస్సెక్కి, భద్రాచలం పోయి పాల ప్యాకెట్లు, పీకసీసా కొనుక్కొచ్చాడు. ఊరి నిండా ఆవులే, పాలు మాత్రం బస్సులో వచ్చాయి. దూడను ఒళ్లోకి లాక్కుని సీసా పట్టిస్తున్న ఆయన్ను చూసి ఊళ్లో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ముత్తక్క మాత్రం వైద్యం తన చేతుల్లోకి తీసుకుంది. ఆమె లెక్క ప్రకారం ఇది దిష్టి. లేకపోతే తెల్లగా ఉన్నచోటే ఎందుకు పగులుతుంది? పైగా దిష్టి ఎవరిదో కూడా ఆమె తేల్చేసింది. పక్కింటి చిరంజీవి పోయిన వారమే దొడ్డి ముందు ఆగి, "అబ్బ, ఏం తెలుపు! పాలతోని కడిగినట్టున్నది," అన్నాడు. కుండల అడుగున మసి గీకి, ఆముదంలో కలిపి, కమిలిన తెలుపు మీద మందంగా పూసింది. కుడి పక్క పూర్తయ్యేసరికి మసి అయిపోయింది. ఎడమ పక్క అలాగే వదిలేసి, చిరంజీవి సంగతి చూడమని మొగుణ్ని పోరింది.

అలా మసి పూసిన రెండో నాటి సాయంత్రం పందిరి కింద పంచాయితీ కూర్చుంది. చిరంజీవి మీద పోతయ్య అంతకుముందు కూడా తప్పు వేసి ఉన్నాడు, వాడి మేకలు మిరపచేలో పడ్డందుకు. ఈసారి వాడు నవ్వుతూ వచ్చాడు.

"పటేలా, పోయినసారి నా మేకలకు తప్పేసినవు. ఈసారి నా కండ్లకేస్తవా?"

అందరూ నవ్వారు. పోతయ్య నవ్వలేదు. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, "అసలు నువ్వు ఆవు దిక్కు ఎందుకు చూసినవ్?" అని ఎప్పటిలాగే ఎదురు ప్రశ్న వేశాడు. కానీ ఆ గొంతులో పటేల్ లేడు.

దొడ్లోంచి దూడ మళ్లీ అరిచింది. చిరంజీవి నవ్వు ఆపాడు.

"సరే తియ్, నా చూపే తగిలిందనుకుందాం. ఆ దూడ అరుస్తుంటే మా ఇంట్ల బువ్వ తినబుద్ధయితలేదు. తప్పేదో నేనే కట్టుకుంట. కోడిని తెస్త, పూజ జేయుండ్రి," అంటూ లేచాడు.

సరిగ్గా అప్పుడే దొడ్లోంచి శారద గబగబా వచ్చింది. చేతులకు మసి అంటుకుని ఉంది.

"అత్తమ్మా! నువ్వు మసి పూసిన పక్క కొత్తగా ఒక్క పగులు లేదు. పూయని పక్క ఇంకా ఎక్కువైంది!"

"నేను జెప్పలే? దిష్టే!" అంది ముత్తక్క, మొగుడి కన్నా గొప్ప పటేల్‌లా.

"దిష్టి కాదు, ఎండ," అంది శారద. "నల్ల మచ్చల కాడ మంచిగనే ఉన్నది, నల్లగ పూసిన కాడ గూడ మంచిగనే ఉన్నది. అంటే వెలుతురు తగిలిన కాడనే తోలు కాలుతున్నది. కాలేయం పాడైతే గిట్లయితది. పసరు మేత అరిగినంక అందులోని ఆకుపచ్చ రంగు ఇంకో పదార్థంగ మారుతది. అది పైత్యంతోని కలిసి బయటికి పోవాలె. కాలేయం పని జేయకపోతే అది రక్తంల కలిసి తోలు కిందికొస్తది. దాని మీద ఎండ పడితే మంటే ఇగ. నల్లతోలుకు ఎండ లోపలికి దిగదు. అత్తమ్మ మసి గొడుగు లెక్క పనిజేసింది."

ఆమె చేతుల మసి కొంగుకు తుడుచుకుని అందరి వైపూ చూసింది.

"కానీ కాలేయం ఊకెనే పాడుగాదు. అది ఏదో విషపాకు తిన్నది. ఏం తిన్నదో తెలిస్తే డాక్టరమ్మకు ఇప్పుడే ఫోన్ జేస్త. తెలియకపోతే పిడుదుల మందే ఇస్తుంటరు, ఆవు చచ్చిపోతది. కట్టు విప్పకుండ ఏం తిన్నది?"

చిరంజీవి అప్పటికే కోడి కోసం ఇంటివైపు నాలుగు అడుగులు వేశాడు. తన ఊళ్లో, తన పందిరి కింద, తన తప్పుకు వేరేవాడు కోడి తేబోతున్నాడు. లోపల దూడ అరుస్తోంది. ఇంత సిగ్గు పోతయ్య జన్మలో ఎరగడు.

"చిరంజీవీ, ఆగురా. కోడి నువ్వు తేవద్దు," అన్నాడు లేచి నిలబడి. "నేనే విప్పిన బిడ్డా. నువ్వు బస్సెక్కంగనే విప్పిన, రోజూ విప్పిన. నా కండ్ల ముందే తలంబ్రాల ఆకు మేసింది. పశువుకు తెలుసనుకున్న."

శారద ఆయన్ను చూసింది. "మామా, మొన్న డాక్టరమ్మ అడిగినప్పుడే చెప్పుంటే..." అంది. మిగతాది అనలేదు, ఫోన్ తీసుకుని సిగ్నల్ ఉండే గట్టు వైపు పరిగెత్తింది. ఆమె అనని సగం పోతయ్యకు అన్నదానికన్నా ఎక్కువ తగిలింది. మంచం మీద కూలబడి తల దించుకున్నాడు.

మర్నాడు తెల్లారేసరికి డాక్టరు వనజ వచ్చింది. తలంబ్రాల ఆకు కడుపులో చాలా రోజులు నిలిచి ఉంటుందని, ఉన్నంతకాలం విషం దిగుతూనే ఉంటుందని చెప్పి, బొగ్గుపొడి నీళ్లలో కలిపి గొట్టంతో తాగించాలంది.

"బొగ్గా?" అన్నాడు పోతయ్య ఆశగా. ఆ బొగ్గేదో తానే తెచ్చి పాపం కడుక్కోవాలని ఆయన ఆత్రం. "మావోడు కొత్తగూడెంలనే ఉన్నడు. ఒక లారీ తెప్పిస్త."

"గా బొగ్గు కాదు, పటేల్ గారూ. మందుల బొగ్గు. విషాన్ని పట్టుకుని బయటికి తీసుకపోతది," అంది డాక్టరమ్మ, నవ్వు ఆపుకుంటూ.

మందుల బొగ్గుతో గౌరి లోపల నలుపు, ముత్తక్క మసితో బయట నలుపు. దొడ్డికి గోనెపట్టాలు కట్టి చీకటి చేశారు. పోతయ్య దాని పక్కనే మంచం వేసుకున్నాడు. తోలు పగుళ్ల మీద ఈగ వాలితే విసిరేవాడు, మధ్యలో దూడకు సీసా పట్టేవాడు. దొరసాని అనడం మానేశాడు. ఒకరోజు పొద్దున గౌరి లేచి, పేడ వేసి, గంపలో గడ్డి పరక ఒకటి నోటితో లాగింది. పోతయ్య కండువాతో కళ్లు తుడుచుకుని, ఆ పేడను చూడటానికి ఊళ్లో నలుగుర్నీ పిలిచాడు. పేడను చూడటానికి జనాన్ని పిలిచిన పటేల్ చరిత్రలో ఆయనొక్కడే అయి ఉంటాడు.

ఆవు గట్టెక్కాక పందిరి కింద మళ్లీ పంచాయితీ కూర్చుంది. ఈసారి పోతయ్య మంచం మీద కూర్చోలేదు. అందరి ముందూ నిలబడి చిరంజీవి చేతిలో కోడిని పెట్టాడు.

"ఇది ఒక తప్పుకే, పటేలా. దాచినోడికి రెండు తప్పులన్నది నువ్వే గదా?" అన్నాడు చిరంజీవి కోడిని నిమురుతూ.

"రెండోది ఏందో కోడలు చెప్తది," అన్నాడు పోతయ్య.

శారద ఇంటి వెనక వాలు వైపు చూసింది. "కంచె తీసెయ్, మామా," అంది.

పోతయ్య ముఖం మాడిపోయింది. "కోడి కాదంటే మేకనిస్త. గా కంచె నీకేం జేసింది? అది మీ అత్తమ్మ కోసం తెచ్చిన చెట్టు."

"నువ్వు చిన్నగున్నప్పుడు ఆ వాలు మీద గడ్డి ఉండేదా?"

"నడుముల్దాక ఉండేది. వానలు తగ్గి పోయింది."

"వానలు కాదు మామా. ఆ చెట్టు వేర్లు, రాలిన ఆకులు మట్టిల విషం వదుల్తయి. పక్కన గడ్డి మొలవదు. మొలిచినా దాని నీడకు చస్తది. గడ్డి ఉంటే గౌరి ఆ ఆకు ఎందుకు ముడుతది?"

పోతయ్యకు ఎదురు ప్రశ్న తోచలేదు. ఊళ్లో అందరూ ఆ వింత చూశారు. చివరికి చిరంజీవే, "కంచే చేను మేసిందంటే ఇదే గావచ్చు," అని గొణిగాడు. ఆ మాట కంచెనన్నాడో పటేల్‌నన్నాడో ఎవరూ అడగలేదు.

తొలకరి పడి నేల మెత్తబడగానే పోతయ్య గడ్డపార పట్టాడు. పైపైన నరికితే ఒక కొమ్మకు పది లేస్తాయి, కాలిస్తే ఇంకా ఏపుగా వస్తాయి. మొదలు కింద తవ్వి, దుంప పెకలించి, వేళ్లు ఆకాశానికి పెట్టి ఎండబెట్టాలి. చేతులు బొబ్బలెక్కాయి. కోడిని తిన్న రుణమేమో, చిరంజీవి కూడా తన పార తెచ్చుకుని వచ్చాడు. వాలు మీద అక్కడక్కడ గడ్డి మొలకలు కనబడ్డాయి.

ఆఖరికి గడప పక్కన మొట్టమొదటి పొద మిగిలింది. అదే ఆయన చేత్తో గుచ్చింది. పోతయ్య గడ్డపార ఎత్తి, దించి, చెమట తుడుచుకున్నాడు. మళ్లీ ఎత్తి, మళ్లీ దించాడు. వానకు ఆ పొద నిండా పూసి ఉంది. దొడ్డి నీడలో గౌరి నెమరు వేస్తోంది. తెల్ల మచ్చల మీద కొత్త తోలు గులాబీరంగులో మెరుస్తోంది. దూడ దాని పొదుగులో తల దూర్చి కుమ్ముతోంది.

ముత్తక్క గడప దాటి వచ్చింది. మొగుణ్ని చూసింది, పొదను చూసింది. చేయి చాచి, పసుపూ ఎరుపూ కలిసిన ఒక గుత్తి తెంపి, నెరిసిన కొప్పులో పెట్టుకుంది.

పోతయ్య కంగారుపడ్డాడు. "విషమంట గదనే! కోడలు చెప్పలే?"

"నాకేం కాదు తియ్," అంది ముత్తక్క కొప్పు సర్దుకుంటూ. "నలభై ఏండ్ల సంది నీతోని ఉంటున్న. ఇప్పుడు కొత్తగ ఏ విషం ఎక్కుతది నాకు?"

దొడ్లో పాలగిన్నె కడుగుతున్న శారద పకపకా నవ్వింది. పోతయ్యకు కూడా నవ్వొచ్చింది, దాంతోపాటు కళ్లలో నీళ్లూ వచ్చాయి. అవి కనబడకుండా తల పక్కకు తిప్పుకున్నాడు.

"ఇగ తవ్వు," అంది ముత్తక్క, మెత్తగా.

ఆయన గడ్డపార ఎత్తి మొదట్లో దింపాడు.